నిద్రించినవారి నిరీక్షణ

పత్రికలో మరణవార్తల పేజీ తిరగేస్తే ఏ ఇంటి సంగతి ఏమిటో మాటను బట్టే తెలిసిపోతుంది. ఒకరు స్వర్గస్థులయ్యారు, ఒకరు శివైక్యం చెందారు, ఒకరు పరమపదించారు. క్రైస్తవుల ఇంట మాత్రం తరతరాలుగా ఒకటే మాట: ప్రభువునందు నిద్రించారు. మా నాయనమ్మ సమాధి పలక మీదా అదే చెక్కించారు. చిన్నప్పుడు ఈస్టర్ నాడు చీకటితోనే లేచి, పెట్రోమాక్సు లైటు వెంట సమాధుల తోటకు నడిచేవాళ్లం. ముందురోజే సున్నం కొట్టి ఉంచిన సమాధులు ఆ మసకలో తెల్లగా తేలేవి. మల్లెపూల వాసన, కరుగుతున్న కొవ్వొత్తుల వాసన కలిసిపోయేవి. సంఘమంతా గొంతెత్తి పాడుతుంటే నాన్న చెయ్యి లాగి అడిగాను: "నాయనమ్మ నిద్రపోతోంది కదా, ఇంత గట్టిగా పాడితే లేవదా?" నాన్న నవ్వలేదు. "లేవాలనే పాడుతున్నాం" అన్నాడు.

ఆ జవాబు వెనక రెండు వేల ఏళ్ల చరిత్ర ఉందని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. మన తెలుగు బైబిలు ఆ చరిత్రకు ఒక మంచి మాట పెట్టింది: నిరీక్షణ. బయట వాడుకలో ఆ మాటకు ఎదురుచూపు అని అర్థం. ఆశ వేరు, ఇది వేరు. ఆశపడ్డది దొరకవచ్చు, దొరకకపోవచ్చు. నిరీక్షణ అంటే, రావలసినవాడు బయలుదేరాడని కబురంది గుమ్మంలో నిలబడటం.

ఈ కబురు మొదటినుంచీ ఉన్నది కాదు. పాతనిబంధనలో ఎక్కువ భాగానికి ఇది తెలియదు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు నిండు వయసులో కన్నుమూసి తమ పితరుల దగ్గరకు చేరారు. కథ అక్కడితో సరి. చచ్చినవాళ్లు చేరే చోటు పాతాళం. అక్కడ పాట లేదు, స్తుతి లేదు, మంచివాడికీ చెడ్డవాడికీ తేడా లేదు. నీతిమంతుడికి దేవుడిచ్చే బహుమానం దీర్ఘాయుష్షు, పిల్లాపాపలు, కాపుకొచ్చిన ద్రాక్షతోట. ఆ లెక్క చాలాకాలం నడిచింది.

నీతిమంతులే నీతి కారణంగా నడివయసు దాటకుండా చనిపోతున్నప్పుడు ఆ లెక్క తప్పింది. క్రీ.పూ. 167లో గ్రీకు రాజు నాలుగో అంతియొకు యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేసి, యూదుల ధర్మాన్నే నిషేధించాడు. సున్నతి చేయించుకున్న పసివాళ్లనూ, చేయించిన తల్లులనూ చంపించాడు. ధర్మం తప్పినవాడు బతికాడు, నిలబెట్టినవాడు పోయాడు. మరి దేవుడి న్యాయం ఏమైనట్టు? దానియేలు గ్రంథం చివరి అధ్యాయం దీనికి జవాబు చెప్పింది: మంటిలో నిద్రిస్తున్నవారు మేలుకుంటారు. మన మరణవార్తల్లోని నిద్ర అనే మాటకు వేరు అక్కడుంది. కతోలికుల బైబిల్లో ఉన్న మక్కబీయుల రెండో గ్రంథం ఆ రోజుల నాటి ఏడుగురు అన్నదమ్ముల కథ చెబుతుంది. మూడోవాడు తన చేతులు చాపి, ఇవి దేవుడిచ్చినవి, ఆయన దగ్గరే మళ్లీ తీసుకుంటాను అన్న భావంతో మాట్లాడి, వాటిని నరకనిచ్చాడు. వాడు అడిగింది ఆత్మకు శాంతి కాదు, తన చేతులు తనకు కావాలన్నాడు. క్రైస్తవ నిరీక్షణను అర్థం చేసుకోవాలంటే ఆ చేతులను మరచిపోకూడదు.

యేసు కాలానికి ఈ విషయంలో యూదులు రెండుగా చీలి ఉన్నారు. పరిసయ్యులు పునరుత్థానం ఉందన్నారు, సద్దూకయ్యులు లేదన్నారు. సద్దూకయ్యులు దేవాలయ యాజమాన్యాన్ని చేతిలో పెట్టుకున్నవాళ్లు, ఆస్తిపరులు. వాళ్లకు ఈ లోకం బాగానే ఉంది. గలిలయలో జాలరుల మధ్య, కూలివాళ్ల మధ్య యేసు ప్రకటించింది దేవుని రాజ్యం దగ్గరపడిందని. పిండిలో కలిపిన పులిసిన ముద్దలా, మట్టిలో పడ్డ ఆవగింజలా అది ఇప్పటికే పని మొదలుపెట్టిందని. ఇక్కడొక చిన్న మాట చెప్పుకోవాలి. మార్కు, లూకా దేవుని రాజ్యం అన్నచోట మత్తయి పరలోకరాజ్యం అని రాశాడు. దేవుని పేరు ఊరికే పలకకూడదన్న యూదుల భక్తి మర్యాద అది. అర్థం ఒకటే. కానీ ఆ ఒక్క మాటను పట్టుకుని తరతరాల బోధకులు రాజ్యం అంటే చచ్చాక పైన చేరే చోటు అని చెబుతూ వచ్చారు. యేసు నేర్పిన ప్రార్థన మాత్రం మమ్మల్ని అక్కడికి చేర్చమని అడగదు, నీ రాజ్యం ఇక్కడికి రావాలని అడుగుతుంది.

యోహాను సువార్త దీనికే నిత్యజీవం అని పేరు పెట్టింది. గ్రీకులో ఆ మాటకు రానున్న యుగపు జీవం అని అర్థం. రోజుల సంఖ్య పెరగడం కాదు, బతుకు తీరే మారడం. బేతనియలో మార్త సోదరుడు లాజరును పోగొట్టుకున్న దుఃఖంలో, అంత్యదినాన లేస్తాడులే అంటుంది, చిన్నప్పుడు నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు. యేసు ఆ అంత్యదినాన్ని తన మీదికి తీసుకుని, పునరుత్థానమూ జీవమూ తానేనని చెబుతాడు. దూరాన ఉన్న తేదీ ఒక మనిషిగా ఎదుట నిలబడటం అక్కడ మనం చూస్తాం. యేసు సిలువ మరణం తర్వాత ఆదివారం తెల్లవారుజామున సుగంధ ద్రవ్యాలు పట్టుకుని ఆయన సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లు ఖాళీ సమాధి చూసి వచ్చారు. మా ఊరి ఈస్టర్ నడక ఆ నడకే.

పౌలు క్రీ.శ. 50 ప్రాంతంలో థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి ఉత్తరం ఇంటి బెంగకు జవాబు. ప్రభువు రేపో మాపో వస్తాడనుకున్నవాళ్లలో కొందరు ఈలోగానే కన్నుమూశారు. మావాళ్లు తప్పిపోయినట్టేనా అని మిగిలినవాళ్లు గుబులుపడ్డారు. వాళ్లే ముందు లేస్తారు అని పౌలు రాశాడు. ఏడవవద్దని అనలేదు, నిరీక్షణ లేనివారిలా ఏడవవద్దన్నాడు. కొరింథువాళ్లకు విత్తనం ఉపమానం చెప్పాడు. నారుమడి చల్లిన రైతుకు అది విడమరిచి చెప్పనక్కర్లేదు: మట్టిలో వేసింది గింజ, లేచింది పైరు. రెండూ ఒకటే, రెండూ ఒకటి కాదు. బైబిలు చివరి పుస్తకంలో పత్మాసు ద్వీపవాసి యోహాను చూసిన దర్శనం ఇంకా స్పష్టం. అందులో మనుషులు పైకి ఎగిరిపోరు. కొత్త యెరూషలేము కిందికి దిగివస్తుంది, దేవుడు మనుషుల మధ్య కాపురముంటాడు, కన్నీళ్లు తుడుస్తాడు.

ఈ నమ్మకం ఎంత మొండిదో రోము సామ్రాజ్యం తెలుసుకుంది. 177లో గాల్ దేశపు లియోన్ నగరంలో క్రైస్తవులను పట్టి మృగాలకు వేశారు. తొంభై ఏళ్లు దాటిన బిషప్పు పొతినుస్ చెరసాలలో పోయాడు. బ్లాండీనా అనే బానిస పిల్లను ఎన్నాళ్లు హింసించినా ఆమె నోట వాళ్లకు కావలసిన మాట రాలేదు. చంపడంతో అధికారులు ఊరుకోలేదు. శవాలను ఆరు రోజులు ఆరుబయట పడేసి, కాల్చి, బూడిదను రోన్ నదిలో కలిపేశారు. ఎందుకు? వీళ్లకు మళ్లీ లేస్తామన్న నమ్మకం ఉంది కాబట్టే చావుకు భయపడటం లేదు, ఆ నమ్మకాన్నే లేకుండా చేద్దామని. బతికినవాళ్లు ఆసియాలోని సంఘాలకు రాసిన ఉత్తరంలో ఇదంతా ఉంది, యూసేబియస్ తన చరిత్రలో దాన్ని భద్రపరిచాడు. సమాధి లేకుండా పోయినవాళ్లను దేవుడు ఎలా లేపుతాడన్న ప్రశ్న ఆ నది ఒడ్డున తలెత్తింది. ఆ సంఘానికి తర్వాత బిషప్పు అయిన ఇరేనియుస్ గట్టిగా జవాబిచ్చాడు: మంటితో మనిషిని చేసినవాడికి మంటినుంచి లేపడం కొత్త పని కాదు. ఒళ్లు చెరసాల, ఆత్మ తప్పించుకుపోవాలి అన్న జ్ఞానవాదులతో ఆయన జీవితాంతం పోరాడాడు.

అదే కాలంలో రోము నగరం వెలుపల నేల కింద సొరంగాలు తవ్వి తమవారిని పడుకోబెట్టారు. గోడల మీద లంగరు, చేప, తిమింగిలం కడుపులోంచి బయటపడ్డ యోనా, కట్లతో నిలబడ్డ లాజరు. ఆ చోటుకు గ్రీకులో నిద్రపోయే చోటు అనే పేరు. ఇంగ్లీషు సెమెటరీ దానినుంచే వచ్చింది. హతసాక్షులు చనిపోయిన రోజును పుట్టినరోజు అని జరుపుకున్నారు. 260 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో మహమ్మారి వచ్చినప్పుడు అక్కడి బిషప్పు డయొనీసియుస్ రాసిన ఉత్తరం చదివితే గుండె కదులుతుంది. జనం రోగులను వీధుల్లో వదిలి పారిపోతుంటే, విశ్వాసులు వాళ్లను ఒళ్లో పెట్టుకుని, కడిగి, కళ్లు మూసి, వాళ్ల జబ్బే తగిలి వాళ్ల వెంటే వెళ్లారని రాశాడు. నిత్యజీవం మీది నమ్మకం మనిషిని ఈ లోకానికి పనికిరాకుండా చేస్తుందనేవారు ఈ ఉత్తరం చదవాలి.

క్రైస్తవం వైపు తిరిగిన రోము చక్రవర్తి కాన్‌స్టంటైన్ తర్వాత రోజులు మారాయి. సామ్రాజ్యమే క్రైస్తవమైతే ఇక రావలసిన రాజ్యం ఏది? 381 నాటి విశ్వాస ప్రమాణం మృతుల పునరుత్థానాన్నీ రాబోవు లోకపు జీవాన్నీ వదల్లేదు. కానీ దృష్టి మెల్లగా పైకి జరిగింది. 410లో గోత్ జాతివారు రోమును దోచినప్పుడు ఆ దెబ్బకు సమాధానంగా బిషప్పు అగస్టీన్ 'దేవుని నగరం' మొదలుపెట్టి, 413 నుంచి 426 దాకా రాశాడు. ఏ సామ్రాజ్యమూ దేవుని రాజ్యం కాదన్నాడు. ఆ హెచ్చరిక నేటికీ పనికొస్తుంది. అయితే నాకు ఆ పెద్ద గ్రంథం కంటే ఆయన తల్లి మోనికా ముచ్చటే దగ్గర. 387లో ఓస్తియా రేవులో, ఆఫ్రికాకు ఓడ కోసం ఆగిన ఇంట్లో, తల్లీ కొడుకూ కిటికీ దగ్గర నిలబడి తోటను చూస్తూ నిత్యజీవం ఎలా ఉంటుందో మాట్లాడుకున్నారు. కొన్ని రోజులకే ఆమెకు జ్వరం వచ్చింది. సొంత ఊళ్లో భర్త పక్కన సమాధి కావాలని ఎన్నో ఏళ్లుగా కోరుకున్న మనిషి, ఈ ఒంటిని ఎక్కడ పెట్టినా ఫరవాలేదంది. దేవుడికి ఏదీ దూరం కాదంది. లియోన్ నది అడిగిన ప్రశ్నకు ఆ తల్లి మంచం మీదనుంచి ఇచ్చిన జవాబు అది.

మధ్యయుగాలను గబగబా దాటుతాను. నవంబరు 2న సమస్త ఆత్మల స్మరణ క్లూనీ మఠంనుంచి వ్యాపించింది. మన కతోలిక ఊళ్లలో అదే సమాధుల పండుగ. చనిపోయినవారి ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించే స్థలం గురించిన బోధ 1274 లియోన్ మహాసభలో రూపు కట్టింది. నీతిమంతుల ఆత్మలు తీర్పుదినం దాకా ఆగకుండానే దేవుణ్ణి చూస్తాయని 1336లో పోపు పన్నెండో బెనెడిక్టు తేల్చాడు. ఓదార్పు ఇచ్చే మాటే. కానీ అంతిమ ఉదయం కోసం ఎదురుచూడటం ఆ మేరకు పలచబడింది. తూర్పు సంఘాలు మాత్రం దాన్ని బొమ్మలో కాపాడుకున్నాయి: క్రీస్తు పాతాళపు తలుపులు తొక్కి, ఆదామును ఒక చేత్తో, హవ్వను ఒక చేత్తో మణికట్టు పట్టి లాగుతూ ఉంటాడు. ఇస్తాంబుల్‌లో ఒకప్పటి ఖోరా గుడిలో 14వ శతాబ్దపు ఆ చిత్రం ఉంది. అరచేయి కాదు, మణికట్టు. లేచేవాళ్ల బలం అందులో ఏమీ లేదు.

పరలోకానికి ధర కట్టి పాపక్షమాపణ పత్రాలు అమ్మినప్పుడు, 1517లో లూథర్ తిరగబడ్డాడు. ఆ గొడవ అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది 1542. పదమూడేళ్ల కూతురు మగ్దలేనా తండ్రి చేతుల్లో పోయింది. ఆమె సంతోషంగా ఉందని తెలిసీ ఇంత దుఃఖం ఎందుకో అని అంతటి బోధకుడు అల్లాడిపోయాడు. మరణం నిద్రేనని, క్రీస్తు వచ్చి సమాధి తట్టి లేపుతాడని బోధించినవాడు ఆయన. మన నిద్రించారు అన్న మాటకు ఆ ఇంటితోనూ చుట్టరికం ఉంది. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో 1732 ఈస్టర్ నాడు మొరేవియా యువకులు సూర్యోదయానికి ముందే సమాధుల మధ్య చేరి పాడిన ఆచారం ఆ తర్వాత చాలా దేశాలకు పాకింది.

మరో ఒడ్డున, అమెరికా పత్తిచేలలో, యజమానులు బానిసలకు పరలోకం చూపించి నోరు మూయించాలని చూశారు. మతం మత్తుమందు అని మార్క్స్ 1840ల్లో రాసినప్పుడు ఆ ఆరోపణకు ఆధారం లేకపోలేదు. కానీ బానిసలు ఆ పరలోకాన్ని యజమానుల చేతిలోనుంచి లాక్కున్నారు. తాము పాడిన కనాను అంటే స్వేచ్ఛ దొరికే ఉత్తరాది కూడా అని ఫ్రెడరిక్ డగ్లస్ 1855లో తన జీవితకథలో రాశాడు. యొర్దాను దాటడం అంటే చావూ, నది దాటి పారిపోవడమూ రెండూ. ఒక్క పాటలో రెండు రాజ్యాలు ఇమిడాయి. ఇదే మక్కబీయుల కాలపు నిరీక్షణ: న్యాయం జరగని చోట పుట్టినది.

ఇక మన గడ్డ. హాలే నగరపు భక్తుల మిషన్ తరఫున వచ్చిన బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దంలో మద్రాసులో ఉండి బైబిలును తెలుగులోకి తెచ్చాడు. అది అచ్చుకు నోచుకోలేదు. 1746 ప్రాంతంలో హాలేలో ఆయన అచ్చు వేయించిన చిన్న తెలుగు పుస్తకాల్లో ఒకదాని పేరులో మోక్షానికి తీసుకుపోయే దోవ అన్న అర్థం ఉంది. తెలుగువాడికి తెలిసిన మోక్షం జన్మల చక్రంనుంచి విడుదల. బైబిలు చెప్పేది ఈ బతుకునుంచి విడుదల కాదు, ఈ బతుకుకే విడుదల. అందుకేనేమో, తర్వాతి అనువాదాల్లో నిత్యజీవం అన్న మాట నిలబడింది. ఆ మాటకు పాటనిచ్చినవారిలో పురుషోత్తమ చౌధరి (1803–1890) ముందువరుసలో ఉంటారు. కీర్తనల పుస్తకం చేతిలో లేకుండా తెలుగు క్రైస్తవుడి భూస్థాపన జరగదు.

1876–78 కరువు ఒంగోలు ప్రాంతాన్ని ఊడ్చేసింది. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవారికి ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు సాయం ఆగాక కూడా జనం కదల్లేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, వంతులు మార్చుకుంటూ, ఆరుగురు స్థానిక బోధకులు ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఎక్కువమంది మాదిగలు. మంచినీళ్ల బావి దగ్గరికి రానివ్వని మనుషులు ఆ రోజు నిండు నదిలో మునిగి లేచారు. పాతిపెట్టబడి లేవడానికి గుర్తు అది. వాళ్లు తిండి కోసం వచ్చారా, పరలోకం కోసం వచ్చారా అని చరిత్రకారులు ఇప్పటికీ తగవుపడతారు. ఆ తగవే నాకు అర్థం కాదు. పరలోక ప్రార్థనలో రాజ్యం రావాలన్న మనవికీ, ఈ పూట ఆహారం ఇమ్మన్న మనవికీ మధ్య దూరం ఒక్క వాక్యం.

ఈ ముడిని ఇంకొకరు కూడా చూశారు. క్లౌ తర్వాతి రోజుల్లో పెళ్లాడిన ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగల జీవితం మీద 1899లో ఒక పుస్తకం రాసింది. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్. న్యూయార్కు మురికివాడల్లో పసిబిడ్డల శవపేటికలు చూసి తట్టుకోలేకపోయిన పాస్టరు. దేవుని రాజ్యం చచ్చాక చేరే చోటు కాదు, ఇక్కడ రావలసిన న్యాయం అని 1907లో ఆయన రాసిన పుస్తకం అమెరికా సంఘాలను కుదిపేసింది. ఒంగోలు ఇంటికీ ఆ పుస్తకానికీ అక్కాతమ్ముళ్ల బంధం. అయితే ఆ ఉద్యమంలో కొందరు ఇంకో కొసకు పోయి, రాజ్యాన్ని సంస్కరణల జాబితాగా కుదించారు. 1914 యుద్ధం ఆ ధీమాను పడగొట్టింది. 1943లో హాంబర్గు బాంబుల్లో పక్కనున్న స్నేహితుణ్ణి పోగొట్టుకుని, యుద్ధఖైదీ శిబిరంలో బైబిలు చదివిన జర్మన్ కుర్రాడు యుర్గెన్ మోల్ట్‌మన్ 1964లో మళ్లీ రెండు కొసలూ కలిపాడు: రేపు దేవుడు అందరినీ లేపుతాడని నమ్మేవాడు ఈ రోజు ఎవరినీ తొక్కనివ్వడు.

మరి మనం ఎక్కడున్నాం? రక్షణ టీవీలు, మహాసభలు, రాకడ తేదీల లెక్కలు. 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుణ్ణి నమ్మి, వేలమంది ఆ రాత్రంతా మేలుకుని, తెల్లారాక ఏడ్చారు. ఆ ఏడుపు మనకు చాలలేదు. మరోవైపు, పునరుత్థానం బోధించే సంఘాల్లోనే కులానికో సమాధుల దొడ్డి ఉన్న చోట్లు దక్షిణాదిన ఉన్నాయి. శ్మశానంలో అందరూ సమానమవుతారని పద్యం చెప్పిన గుర్రం జాషువ క్రైస్తవుడే. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. శవాన్ని పాతడానికి సెంటు భూమి లేక కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే దళితవాడలు ఇప్పటికీ ఉన్నాయి. నిద్రించారు అని పలక మీద చెక్కాలన్నా ముందు పడుకోబెట్టే చోటుండాలి. ఆ చోటు అడగడం కూడా నిరీక్షణలో భాగమేనని నేను నమ్ముతున్నాను.

మా ఊరి సమాధుల తోటలో పడమటి కంచె వెంట కొన్ని మట్టిదిబ్బలు ఉండేవి. పలక లేదు, పేరు లేదు. కరువులో పోయినవాళ్లవని పెద్దలు చెప్పేవారు. నాన్న ప్రతి ఈస్టర్‌కూ నాయనమ్మ దగ్గర పాట అయిపోగానే మిగిలిన సున్నం బకెట్టు పట్టుకుని అటు వెళ్లేవాడు. వచ్చే ఈస్టర్‌కో, నవంబరు సమాధుల పండుగకో మీవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు, ఒక కొవ్వొత్తి ఎక్కువ తీసుకెళ్లండి. పేరు చెరిగిన సమాధి ఒకటి ఎక్కడో పక్కనే ఉంటుంది. అక్కడ వెలిగించండి.